టీచరుగారు కల్పించిన మాట

మొన్న రావులపాలెంలో బస్సు కోసం నిలబడితే అరటిగెలల లారీ ఒకటి నా పక్కగా వెళ్ళింది. పచ్చిగెల నరికినచోట కారే జిగురు వాసన గుప్పుమని ముక్కుకు కొట్టింది. ఆ వాసనకి నాకు మా ఆయన గుర్తుకు రావాలి. గోదారి మధ్య లంకలో గెలలు నరికి పడవ మీద ఒడ్డుకు చేర్చడమే ఆయన పని. కానీ ముందు సుగుణమ్మ టీచరుగారు గుర్తొచ్చేరు. ఎందుకో చెబుతాను. నాకు సంతకం తప్ప రాయడం రాదు. నోటితో చెబుతున్నాను, ముందూ వెనకా అయితే సర్దుకోండి.

టీచరుగారు కొత్తపేటలో ఉండేవారు. బడి ఉద్యోగం అయిపోయాక ఒంటరిగా ఉంటూ వారపత్రికలకి కథలు రాసేవారు. మా ఆయన పోయిన మూడో ఏడు నేను ఆవిడ ఇంట్లో వంటకి కుదిరేను. తొంభైల్లో సంగతండి. మొదటిరోజు వెళ్ళేసరికి లోపల ఇద్దరు ఆడవాళ్ళు పోట్లాడుకుంటున్నారు. ఒకావిడ ఏడుస్తోంది, ఒకావిడ దెప్పుతోంది. చుట్టాలొచ్చేరు కాబోలనుకుని మూడు కంచాలు పెట్టేను. చూస్తే ఉన్నది ఆవిడొక్కరే. పాత పరీక్ష కాగితాల వెనకవైపు రాసుకుంటూ, అత్త మాటా కోడలి మాటా రెండూ ఆవిడే పలుకుతున్నారు.

"ఈ రెండు కంచాలూ ఎవరికే మంగా?"

"ఆ పోట్లాడుకున్నోళ్ళకండి."

ఆవిడ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు. "వాళ్ళు అన్నం తినరే. నన్నే తింటారు" అన్నారు.

పొద్దున్నే బైబిలు చదువుకుని, కాఫీ తాగి, వెనక వసారాలో చాప వేసుకునేవారు. రాత కుదరని రోజు బస్సెక్కి రావులపాలెం వెళ్ళి, అరటిగెలల మార్కెట్టులో కాసేపు నిలబడి, ఏమీ కొనకుండా వచ్చేసేవారు. "ఏం తెచ్చేరండీ?" అంటే "నాలుగు తిట్లు తెచ్చేనే, చాలా బాగున్నాయి" అనేవారు. చీరంతా ఆ జిగురు వాసనే.

రాసింది నాకు చదివి వినిపించడం ఆవిడ పద్ధతి. నేను పని చేసుకుంటూనే వినాలి, మాట తేడాగా ఉంటే చెప్పాలి. "మా లంకల్లో మొగుణ్ణి అలా పిలవరండి" అంటే, "ఆయ్" అని అక్కడే కొట్టేసేవారు. అంత చదువుకున్నావిడ నా మాట మీద కొట్టేయడం! నా నోట్లో మాటకీ ఓ విలువుందని ఆ ఇంట్లోనే తెలిసింది నాకు.

నా సంగతులూ అడిగేవారు. మా ఆయన పోయిన వైనం ఎన్నిసార్లు చెప్పేనో. వరద వస్తోందని, గెలలు మునిగిపోతాయని, చొక్కా తొడుక్కుని వెళ్ళేడని, పడవ తిరగబడిందని, మూడో రోజుకి దొరికేడని.

ఒకరోజు నేను కొబ్బరి కోరుతున్నాను. ఆవిడ కొత్త కథ చదువుతున్నారు. రెండేళ్ళుగా ఏదీ కుదరక చింపేసుకుంటున్న మనిషికి ఆవేళ గొంతులో హుషారుంది. కథలో పడవవాడున్నాడు, పెళ్ళాం ఉంది. మాదేనని తెలుస్తోంది. ఫరవాలేదు, చెప్పింది నేనే కదా. అతను చొక్కా తొడుక్కున్నాడు. గడప దాటుతున్నాడు. అప్పుడా ఆడది వెనకనుంచి అంది: "పో. మళ్ళీ ఈ గడప తొక్కకు."

"ఈ మాట సరిపోయిందా? మీ వాళ్ళు ఇలాగే అంటారా?" అని ఆవిడ అడుగుతున్నారు. అంతలోనే "మంగా, వేలు!" అని అరిచేరు. కొబ్బరంతా ఎర్రగా ఉంది. కోరాం పళ్ళకి వేలు తెగింది, నాకు తెలియలేదు.

ఆ మాట నేను ఏ ప్రాణికీ చెప్పలేదండి. మా ఆయన పోయిన పూట కూరలో ఉప్పెక్కువైందని కంచం విసిరేసేడు. అన్నం నేలపాలు. ఒళ్ళు మండి అన్నాను. అదే మాట, అక్షరం పొల్లుపోకుండా. ఆయన మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

"ఎవరు చెప్పేరండి మీకు?" అన్నాను.

ఆవిడ మొహంలో నెత్తురు లేదు. "ఎవరూ చెప్పలేదే. దేవుడి ఎదుట చెబుతున్నాను, నేను కల్పించేను."

"కల్పిస్తే అదే మాట ఎలా వస్తుందండి?"

ఆవిడ కాగితాలు వెనక్కి తిప్పి ఆ మాట మీద వేలు పెట్టేరు. "నువ్వెప్పుడు చెప్పినా చొక్కా దాకా మెల్లగా చెబుతావు. అక్కణ్ణించి ఒక్క గెంతులో గోదాట్లోకి వెళ్ళిపోతావు. మధ్యన ఏదో ఉండాలనిపించింది. నీ చోట కూర్చుని వెతికేను. నిజంగా ఉందని తెలీదే నాకు."

నాకు ఆవిడంటే భయం వేసింది. దొంగ పడితే తాళమైనా విరుగుతుంది. ఇక్కడ తాళం తాళంలాగే ఉంది.

అది అచ్చయితే మా వీధి కుళాయి దగ్గర ఎవరో ఒకరు పైకి చదువుతారు. మా అత్త వింటుంది. ఒక్కగానొక్క కొడుకు పోయినా, చంటివాడితో నన్ను కడుపులో పెట్టుకున్న మనిషి. ఆ ఇల్లు తప్ప నాకు దిక్కు లేదు. "ఆ మాట తీసెయ్యండి" అన్నాను.

"అది తీస్తే ఇది కథ కాదే" అన్నారు. అని, కాగితాలన్నీ నా చేతిలో పెట్టేసేరు. "కథకన్నా నువ్వెక్కువ. పట్టుకెళ్ళు. పొయ్యిలో పెట్టినా అడగను."

మూడుసార్లు పొయ్యి ముందు కూర్చున్నాను. పెట్టలేకపోయేను. వారం తరవాత ఓ మధ్యాహ్నం, చీపురుకి ఈనెలు చీరుతున్న మా అత్త ముందు కూలబడి ఆ మాట అనేసేను. ఆవిడ చేతిలో కత్తి ఆగలేదు.

"ఆవేళ నేను పెరట్లోనే ఉన్నానే. విన్నాను."

ఇన్నేళ్ళూ తెలుసు! ఒక్కపూటైనా మొహంలో కనపడనివ్వలేదు. అడిగేను. "మరి నన్నెందుకు ఉంచుకున్నావు అత్తా?"

"కంచం విసిరిన చప్పుడూ విన్నాను కదా." ఇంకో ఈనె చీరింది. "అప్పుడే లోపలికొచ్చి వాణ్ణి ఆపాల్సింది. నాకూ వాడి మీద కోపంగా ఉండి రాలేదు."

మర్నాడు కాగితాలు టీచరుగారికి ఇచ్చేసేను. కథ అచ్చయింది. కుళాయి దగ్గర చదివి అందరూ కళ్ళొత్తుకున్నారు. "పాపం ఎవత్తో" అన్నారు. నా బిందె నిండింది, ఎత్తుకుని వచ్చేసేను.

టీచరుగారు పోయి చాలా ఏళ్ళయింది. ఆవిడ రాత నాకు అబ్బలేదు గానీ వినడం అబ్బింది. ఎవరైనా చెబుతూ చెబుతూ ఒకచోట గెంతితే నాకు తెలిసిపోతుంది. నేను అడగను. ఇప్పుడు ఈ మాటలు రాసిపెడుతున్నది మా కోడలు. పోయిన నెల పుట్టింటికెళ్ళి రెండో రోజుకే వచ్చేసింది. అక్కడ బస్సు దిగినదాకా చెప్పింది. మళ్ళీ బస్సు ఎక్కిన దగ్గర్నుంచి చెప్పింది. ఇదిగో, ఈ ముక్క రాస్తూ చెయ్యి ఆపేసింది. ఆగనీ. నాకేం తొందర లేదు, కూర్చునే ఉన్నాను.