తాళంచెవికి వేలాడిన రింగు

రెండు వేల సంవత్సరం మొదట్లో నన్ను సర్క్యూట్ శిక్షకుడి స్థానం నుంచి సీనియర్ శిక్షకుడిగా మార్చి, సింగపూర్ పడమటి వైపున్న మా డ్రైవింగ్ స్కూల్లో మోటార్‌సైకిల్ విద్యార్థుల చివరి థియరీ తరగతి అప్పగించారు. పదోన్నతి అన్నారు గానీ, అందులో అసలు లాభం ఎండ తప్పడమే. శిక్షణలో చివరి అక్షరం తీసేస్తే ఏం మిగులుతుందో మధ్యాహ్నం పూట సర్క్యూట్‌లో నిలబడ్డవాడికి బాగా తెలుసు. ఇతరులకు బండి నేర్పడం నా వృత్తే అయినా, నా ఉద్యోగం మాత్రం మొదటి నుంచీ రింగు బిగించిన ఇంజిన్‌లాగే నడిచింది.

ఆ రింగు సంగతి కొంచెం వివరించాలి. ఇక్కడ మోటార్‌సైకిల్ లైసెన్సుకు మూడు మెట్లు. కొత్తవాళ్లకు దక్కేది కింది మెట్టు. రెండు వందల సీసీ దాటని బండ్లే నడపాలి, ఏడాదిపాటు కొత్తవాడినని లోకానికి చాటే పలక తగిలించుకోవాలి. ఆ రోజుల్లో కుర్రకారు మనసుపడ్డ టూ-స్ట్రోక్ బండి ఒకటుండేది. ఇంజిన్ నుంచి పొగ బయటికి పోయే దారిలో, సైలెన్సర్ మొదట్లో, ఒక ఇనుప రింగు పెట్టి అమ్మేవారు. దారి ఇరుకైతే పొగ తీరిగ్గా పోతుంది, బండి జోరు తగ్గుతుంది. ఆ బండికి ఇక్కడ రోడ్డెక్కే ఆమోదం వచ్చిందే ఆ రింగుతో. తీస్తే చట్టవిరుద్ధం. పట్టుబడితే జరిమానా, ప్రమాదం జరిగితే బీమా కంపెనీ మొహం చాటేస్తుంది.

అయినా తీసేవారు. కొందరు వంతెన దాటి మలేషియా వైపున్న జొహోర్‌లోని వర్క్‌షాపుల్లో తీయించుకుని, తనిఖీ దగ్గరపడితే మళ్లీ పెట్టించుకునేవారు. తీసిన రింగును తాళంచెవికి తగిలించుకుని, బల్ల మీద టంగుమని పడేయడం ఒక దర్జా. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు చెయ్యెత్తి, ఎప్పుడు తీయొచ్చని అడిగేవారు. నేను చట్టం చదివేవాడిని. వాళ్లు తలలూపేవారు. పక్క తరగతి శిక్షకుడు లిమ్ తలుపులోంచి తొంగిచూసి, "మళ్లీ అదే పాటా? రికార్డు చేసి వేసెయ్ లా" అనేవాడు, ఇక్కడివాళ్లందరి లాగే మాట చివర 'లా' తగిలించి.

అప్పట్లోనే మన వైపు నుంచి కంప్యూటర్ ఉద్యోగులు గుంపులుగా దిగడం మొదలైంది. తెలుగు మాట్లాడే శిక్షకుడున్నాడని తెలిసి వెతుక్కుంటూ వచ్చేవారు. నా తెలుగు మా తాతతోపాటు విశాఖ వైపు నుంచి ఓడెక్కి వచ్చినది. ఆ తర్వాత దానికి సర్వీసింగ్ జరగలేదు. అరవం, మలయ్ కలిసిపోయిన ఆ భాషను వాళ్లు నవ్వాపుకుంటూ వినేవారు. ఈ నాలుగు పేజీలు కూడా రాజమండ్రిలో పుట్టిన మా ఆవిడ దిద్దినవే.

అలా వచ్చినవాడు రమేశ్. కరీంనగర్ వైపు మనిషి. చోవా చూ కాంగ్‌లో అద్దె ఫ్లాట్, జురాంగ్ ఈస్ట్‌లో ఆఫీసు. తెలివైనవాడు; సన్నపలక మీద బండి నడిపే పరీక్షలో మొదటిసారే నెగ్గాడు. చివరి తరగతిలో చెయ్యెత్తింది అతనే.

"సార్, గా రింగు తీస్తే ఏమైతది? ట్రయల్ వెర్షన్ లెక్కనే గదా. లాక్ తీసుడు మాకు రోజూ ఉండే పనే."

క్లాసంతా నవ్వింది. నేను చట్టం చదివాను. అతను ఊరుకోలేదు. ఎక్స్‌ప్రెస్‌వే మీద లారీ పక్కన ఇరుక్కున్నప్పుడు ముందుకు దూకే సత్తువ లేకపోవడమే అసలు ప్రమాదం కాదా అని అడిగాడు. ఆ వాదనలో నిజం లేకపోలేదు. లారీ పక్కన చిక్కుకునేదాకా ఎందుకు వెళ్లావన్నదే నా ప్రశ్న అన్నాను. ఆ రోజుకు మూడో తరగతి అది. నా గొంతులోనే ఏదో రింగు పడినట్టుంది. ముగించే ముందు పాఠ్యక్రమంలో లేని మాట ఒకటి ఎప్పుడూ చెప్పేవాడిని: టూ-స్ట్రోక్ నడిపేవాడి ఎడమచేతి రెండు వేళ్లు క్లచ్ మీదే ఉండాలి, ఇంజిన్ అకస్మాత్తుగా పట్టేస్తే వెంటనే నొక్కాలి. ఆ మాట చెప్పి పంపేశాను.

కొన్ని వారాల తర్వాత ఒక శనివారం ఉదయం అతను స్వీటు డబ్బాతో స్కూలుకు వచ్చాడు. వెంట భార్య సునీత. ఆమెకూ జురాంగ్ ఈస్ట్‌లోనే ఉద్యోగం దొరికిందట. సోమవారం నుంచి రోజూ ఇద్దరూ ఒకే బండి మీద. రమేశ్ తాళంచెవి బల్ల మీద పడేశాడు. టంగుమంది.

నేను రింగు వైపు చూశాను. అతను నా వైపు చూసి నవ్వాడు. జొహోర్ దాకా పోలేదట. ఇంటర్నెట్‌లో బొమ్మలతో సహా చూసి, తన బ్లాక్ కింద కార్ పార్కులో తనే విప్పాడట.

"రింగు ఒక్కటే తీశావా తంబీ?"

"ఒక్కటే సార్. ఇంకేం ముట్టలే. మస్తు ఉరుకుతాంది."

నాకు అలసట అంటే ఏమిటో తెలిసింది అప్పుడే. పొగ దారి వెడల్పు చేస్తే ఇంజిన్ గాలి ఎక్కువ పీలుస్తుంది. కానీ కార్బరేటర్‌లో పెట్రోలు వదిలే జెట్ పాత కొలతకే ఉంటుంది. గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. ఇంజిన్ లోపల మాడిపోతుంది. పిస్టన్ ఉబ్బి సిలిండర్‌ను పట్టేస్తే వెనక చక్రం ఉన్నపళంగా బిగుసుకుంటుంది. జొహోర్ మెకానిక్కులు రింగు తీస్తే జెట్ కూడా మారుస్తారు. ఇతను ఒక్క లైను చెరిపేసి, ప్రోగ్రాం నడుస్తోంది కాబట్టి సరిగ్గానే ఉందనుకున్నాడు.

ఇక్కడ నేను ఇరుక్కున్నాను. ఏ జెట్ వేయాలో చెబితే చట్టవిరుద్ధమైన పనికి చెయ్యి కలిపిన శిక్షకుడినవుతాను. చెప్పకపోతే ఆ బండి ఎక్కడో ఒకచోట పట్టేస్తుంది, సోమవారం నుంచి ఇద్దరితో. మిగిలింది ఒకటే మాట: రింగు తిరిగి పెట్టు. చెప్పాను. "పెడ్త సార్, వచ్చే వారం" అన్నాడు. ఆ వారం ఎప్పుడూ రాదని నాకు తెలుసు.

మాటలు మానేసి పనిముట్ల పెట్టె తెచ్చాను. షెడ్డు కింద, గుడ్డతో పట్టుకుని, వేడి వేడి స్పార్క్ ప్లగ్గు విప్పాను. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ ప్లగ్గు మొన కాఫీ రంగులో ఉంటుంది. ఇది సుద్దముక్కలా తెల్లగా ఉంది. స్కూలు బండి ప్లగ్గు ఒకటి విప్పి పక్కన పెట్టాను. రమేశ్ రెండూ చూసి, తెల్లగా ఉంటే శుభ్రంగా ఉన్నట్టే కదా అన్నాడు. సునీత మాత్రం వంగి చూసింది.

"అంకుల్, నూనె చాలక దోసె మాడినట్టా?"

"అంతేనమ్మా. పెనానికి అంటుకుంటే దోసె పోతుంది. ఇక్కడ చక్రం ఆగిపోతుంది."

"వెనక కూసున్నోళ్లకు ఏమైతది?"

"ముందున్నవాడికి హ్యాండిలైనా ఉంటుంది. వెనకవాళ్లకు పట్టుకోవడానికి ముందున్నవాడే ఉంటాడు."

ఆమె హెల్మెట్ భర్త చేతిలో పెట్టింది. "నేను బస్సుల పోత. నువ్వు నీ లాక్ తీసిన వెర్షన్ మీద రా" అంది. అతను బతిమాలాడు, నవ్వాడు, చివరికి నొచ్చుకున్నాడు. సాక్షిగా నన్ను చూశాడు. ప్లగ్గు తిరిగి బిగించి, ఈ బండి ఇక్కడే వదిలేసి వెళ్లమన్నాను. వినలేదు. "మెల్లగ పోత సార్" అని స్టార్ట్ చేశాడు. రెండు వేళ్లు, అని వెనక నుంచి అరిచాను. చెయ్యెత్తి ఊపాడు, ఆ రెండు వేళ్లతోనే.

గంట తిరక్కుండానే రమేశ్ ఫోన్ చేశాడు. ఎక్స్‌ప్రెస్‌వే మీద బండి పట్టేసింది. వెనక చక్రం బిగిసి, బండి తోక పక్కకు కొట్టింది. వేళ్లు క్లచ్ మీదే ఉన్నాయి కాబట్టి నొక్కేశాడు. చక్రం వదిలింది, జారుతూ రోడ్డు అంచుకు చేరాడు. వెనక వస్తున్న లారీ హారన్ కొడుతూ పోయింది. మోకాలు చెక్కుకుంది, పిస్టన్ పోయింది. వెనక మనిషి బరువు కూడా ఉండి ఉంటే తోక అంత తేలిగ్గా సర్దుకునేది కాదు. అది అతనికీ తెలుసు. సునీత బస్సు ఇంకా ఇంటికి చేరలేదని, చేరాక ఏం చెప్పాలో తెలియడం లేదని అన్నాడు. దానికి మా పాఠ్యక్రమంలో సమాధానం లేదన్నాను.

ఇంజిన్ బాగు చేయించినప్పుడు రింగు పెట్టించాడు. చట్టానికి భయపడి కాదు. అలా కాకపోతే ఆమె ఎక్కనంది.

తర్వాతి బ్యాచ్‌లోనూ ఎవరో చెయ్యెత్తారు. లిమ్ తొంగిచూశాడు. నేను చట్టం చదివాను, అది నా పని కాబట్టి. జేబులోంచి, మరమ్మతు తర్వాత రమేశ్ ఇచ్చిన తెల్ల ప్లగ్గూ స్కూలు బండి కాఫీరంగు ప్లగ్గూ తీసి చూపించాను. వాళ్లు తలలూపారు, ఎప్పటిలాగే. అయితే ఆ ఏడాది నుంచి రిటైరయ్యే వరకు ఒక మార్పు పాటించాను. ఎప్పుడు తీయొచ్చన్న ప్రశ్న నడిపేవాడు ఎప్పుడూ తన కోసమే అడుగుతాడు, జవాబు కూడా తనకు నచ్చినంతే వింటాడు. అందుకని చివరి తరగతికి వెనక సీటు మీద కూర్చోబోయే మనిషిని కూడా వెంట తీసుకురమ్మనేవాడిని. అందరూ తెచ్చేవారు కాదు. తెచ్చినవాళ్లు తర్వాత బండి కొని పలకరించడానికి వచ్చి తాళంచెవులు బల్ల మీద పడేసినప్పుడు మాత్రం, నాకు గుర్తున్నంతవరకు, రింగు టంగుమన్న చప్పుడు వినలేదు.