డబ్బాకు పెట్టిన బొట్టు

మొన్న శుక్రవారం, సాయంత్రం ఆరున్నర. దీపం పెట్టే వేళ. నేను చేసిన పుణ్యానికి మా ఇంట్లో పొగ లేచింది. ఊదుబత్తీ పొగ కాదు!

మా అమ్మాయి శ్రావ్య కరెంటు లైన్ల ఇంజనీరు. తను మొదటిసారి సొంతంగా తయారుచేసిన మోడల్‌ను ఆఫీసు నుంచి మన్సూరాబాద్‌లోని మా ఇంటికి తెచ్చింది. చెక్క మీద బ్యాటరీ, రెండు తీగలు, ఏ తీగలో ఎంత కరెంటు పోతోందో చెప్పే చెరో బల్బు, మధ్యలో చిన్న డబ్బా. మర్నాడు పెద్దాఫీసర్ల ముందు నడిపి చూపించాలి. వాళ్లకు నచ్చితేనే ఆ పని ముందుకు పోతుంది. ఏడాదిగా పిల్లకు అదే ధ్యాస.

"ఏందిది బిడ్డా?" అన్నాను.

"కరెంటుకు బద్ధకమెక్కువ అమ్మా. అల్కగ దొరికిన తొవ్వలనే పోతది. ఒక లైన్ మీద లోడెక్కి కాగుతుంటది, పక్క లైన్ ఖాళీగుంటది. గీ డబ్బా ఆ లోడును జర పక్క లైన్‌కు మళ్లిస్తది. కొత్త టవర్లు ఎయ్యకుండ, ఉన్న తీగలతోనే."

"అంటే దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు జామైతే ఆటోను గల్లీలకెళ్లి తిప్పినట్టా?"

"అగ్గో! రేపు నాతోని రా, నువ్వే చెప్దువు" అని నవ్వి, మొఖం కడుక్కోవడానికి పోయింది.

నా చెయ్యి ఊరుకుంటే బాగుండేది. ఆ డబ్బా నాకు బోసిగా కనిపించింది. పోచంపల్లిలో మా అత్తమ్మ మగ్గం మొదలుకొని మా ఆయన స్కూటర్ దాకా, ఆఖరికి ఇన్వర్టర్‌కు కూడా, పసుపు కుంకుమ పెట్టకుండా మా ఇంట్లో ఏదీ మొదలుపెట్టలేదు. నిండుగా తడిపసుపు రాసి, బొట్టు పెట్టి, నాలుగు చుక్కల తీర్థం చల్లాను. పైన సన్న సన్న రంధ్రాలున్నాయి. ముద్దుగా ఉన్నాయనుకున్నాను గానీ, అవి గాలి కోసమని నాకేం తెలుసు!

శ్రావ్య వచ్చి స్విచ్ వేసింది. చిటపట! రెండు బల్బులూ ఒక్కసారి వెలిగి ఆరిపోయాయి. డబ్బాలోంచి పొగ, పసుపు కాలిన వాసన.

"ఎవరు తడిపిన్రు దీన్ని?"

మా ఆయన ఫ్యాన్ దిక్కు చూశారు.

"శుభమని..." అన్నాను, పసుపంటిన చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ.

పిల్ల తిట్టలేదు. అట్లనే కింద కూలబడింది. తిట్టినా బాగుండు అనిపించింది. కాసేపటికి పాత టూత్‌బ్రష్ తెచ్చి పసుపు గీకింది. కాలిన ముక్క పీకేసి, సంచిలోంచి ఇంకోటి తీసి పెట్టింది. తడి ఆరాలని నేను ఆ డబ్బాను బియ్యంలో పెట్టాను.

"ఒడిబియ్యం గూడ పోస్తున్నవా దానికి?" అన్నారు మా ఆయన. అప్పుడు నవ్వింది నా తల్లి.

పొద్దున్నే బియ్యపు గింజలు దులిపి, ముగ్గురం చుట్టూ నిలబడి స్విచ్ వేశాం. కాగే లైన్ బల్బు వెలుగు తగ్గింది, ఖాళీ లైన్ బల్బు వెలిగింది! నా చెయ్యి అలవాటుగా కుంకుమ భరిణె మీదికి పోయింది.

"ఆగు!" శ్రావ్య భరిణె లాక్కొని వాళ్ల నాన్న చేతిలో పెట్టింది. "డాడీ, మనింట్ల భక్తి లోడంత ఒక్క లైన్ మీదనే పడుతున్నది. ఇయ్యాల్టి సంది సగం నీ దిక్కు."

ఆ పొద్దు దీపం ఆయనే పెట్టారు. నన్ను డబ్బాకు దూరంగా, తలుపు పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. పోయే ముందు పిల్ల నా ముందు వంగి నుదురు చూపించింది.

"బొట్టు పెట్టమ్మా. తీర్థం గూడ చల్లు. నేనైతే కాలిపోను."