గడ్డ మీద గీసిన గీత

పోలీసు చర్య జరిగిన మరుసటేడు, వానాకాలం ముగిసే రోజుల్లో, నన్ను మహబూబ్‌నగర్ జిల్లాలో కృష్ణ ఒడ్డున ఉన్న ఒక తాలూకా కచేరీకి వర్షమాపక గుమాస్తాగా వేశారు. రాగి గరాటు కింద సీసాలో చేరిన వాననీటిని రోజూ పొద్దున ఎనిమిదింటికి కొలిచి, ఆ అంగుళాలను హైదరాబాదుకు తంతి కొట్టడం నా పని. ఆకాశం నా కింది ఉద్యోగి అన్నట్టు నడిచేవాణ్ణి. జనం నన్ను వానపంతులు అనేవారు. అందులో సగం వెటకారమని తెలియడానికి నాకు మూడేళ్లు పట్టింది.

ఒకనాడు తంతి వచ్చింది. తుఫాను బందరు దగ్గర తీరం దాటి మా దిక్కు వస్తోంది. పటం పరిచి, ఎర్ర పెన్సిలుతో నల్గొండ, కల్వకుర్తి మీదుగా రాయచూరు దాకా గీత లాగాను. దండయాత్రకు బయలుదేరే సేనాపతి కూడా అంత గంభీరంగా లాగి ఉండడు.

అప్పుడే అమీన్ సాబు, అంటే ఠాణా అధికారి, ఒక సంగతి అడగడానికి వచ్చాడు. నది నడుమ ఒక దీవి ఉంది. అక్కడివాళ్లు దాన్ని గడ్డ అంటారు. చేపలు పట్టుకుని, జొన్న వేసుకుని బతికే ఇరవై గడపలు. సంఘపోళ్లు, అంటే కమ్యూనిస్టు దళాలవాళ్లు, నది దాటుతారన్న అనుమానంతో గడ్డవాళ్ల పుట్టీలను, అంటే వెదురుకు తోలు కప్పిన గుండ్రటి పడవలను, ఒక్కటి తప్ప అన్నిటినీ ఠాణాలో బోర్లించారు. వాటిని తిరిగి ఇవ్వాలా అన్నది ఆయన ప్రశ్న. "గాలి ఒక్కరోజులో దాటిపోతుంది. తర్వాత గడ్డకు ప్రమాదం లేదు" అని రాసి రెండు సంతకాలు చేశాను. ఒకటి చాలు.

గాలివాన వచ్చింది. కచేరీ పెంకులు పక్క ఊరి చేలల్లో నాటుకున్నాయి. కొలత గ్లాసు మూడుసార్లు నిండింది (ఇన్నాళ్లూ ఏడుసార్లని చెబుతూ వచ్చాను). మర్నాడు ఎండ కాసింది. తుఫాను నా గీత మీదనే నడిచిందని తంతి రాగానే, ఆ ముచ్చట గడ్డవాళ్లకు స్వయంగా చెప్పి దండ వేయించుకుందామని, మిగిలిన ఆ ఒక్క పుట్టీ ఎక్కాను.

గడ్డ మీద ఒక్క కప్పు మిగల్లేదు. జొన్నచేను చాపలా పరుచుకుంది. అయినా ఎవరూ గుడిసెలు లేపడం లేదు, మూటలు కడుతున్నారు. ఎల్లవ్వ అనే ముసలామె మేకలన్నిటినీ ఒకే తాటికి కట్టేస్తోంది.

"ఫికర్ చెయ్యకు అవ్వా, తుఫాను పోయింది" అన్నాను.

"యాడికి పోయింది, వానపంతులూ?"

గొడుగు మొనతో ఇసుకలో గీత గీసి, పడమటికి, రాయచూరు దిక్కు పోయిందని చెప్పాను.

"మరి నది యాడికెళ్లి వస్తాంది?"

తల తిప్పి ఎగువకు, ఆ రాయచూరు దిక్కుకే చూశాను.

"గా గీతనే జర ఎనుకకు గియ్యి బిడ్డా. గాలి మీదికి పోయింది. నీళ్లు కిందికే వస్తయి. మా పుట్టీలు యాడున్నయి?"

ఒడ్డు చేరి ఠాణాకు పరుగెత్తాను. ఆ పరుగు చూసి దళం దిగిందనుకుని జవాను తుపాకీ ఎత్తాడు.

"ప్రమాదం లేదని నువ్వే రాసిస్తివి గద పంతులూ! రేపు గా పుట్టీలల్ల సంఘపోళ్లు దాటితే పై సాబులకు నేనేం జెప్పాలె?" అన్నాడు అమీన్ సాబు, కాగితం ముందుకు తోస్తూ.

నా వాక్యం కొట్టేసి, "నా అంచనా తప్పు. పుట్టీలు ఇప్పుడే ఇవ్వాలి" అని రాశాను. ఈసారి ఒక్కటే సంతకం. రెండోదానికి ఆగకుండా కాగితం తోశాను. పై సాబులకు చూపడానికి అది చాలని అమీన్ సాబు జవాన్లను పిలిచాడు. జవాన్లు పుట్టీలను నెత్తిన బోర్లించుకుని ఏటికి నడిచారు, పెద్ద తాబేళ్ల ఊరేగింపులా. నేనూ వెంట గడ్డకు పోయాను. పొద్దు గూకేలోగా గడ్డంతా ఇవతలికి చేరింది. చివరి పుట్టీలో ఎల్లవ్వ నా ఒళ్లో ఒక మేకను కుక్కింది. ఒడ్డు వచ్చేదాకా అది నా కోటు మేసింది.

"వాన సంగతి ఎట్లున్నా, మేకను పట్టనీకె పనికొచ్చినవ్" అంది.

మర్నాడు ఎండలోనే వరద వచ్చింది. గడ్డ కనిపించలేదు, రెండు వేపచెట్ల కొసలు తప్ప. మనుషులు దక్కారు. జొన్న, వలలు, గుడిసెల జాగాలు దక్కలేదు. సగం మంది మళ్లీ గడ్డకు పోలేదు.

సర్కారీ కాగితంలో కొట్టివేత ఎందుకు చేశావని హైదరాబాదు నుంచి సంజాయిషీ అడిగారు. కొట్టివేత సరైనదే, మొదటి వాక్యమే తప్పని జవాబిచ్చాను. వానగరాటు తన నోట్లో పడ్డదాన్నే కొలుస్తుంది. ఆ తర్వాత ఏ కాగితం మీదైనా "ప్రమాదం లేదు" అని రాసే ముందు, నది ఎటునుంచి వస్తుందో దిగువన బతికేవాళ్లను అడిగి రాశాను.