కోదాడలో ఎర్ర బుగ్గల పెట్టె

ఈ ప్రయాణానికి కారణం మా మేనత్త మోకాళ్లు. ఆమె మిర్యాలగూడలో, రైస్‌మిల్లుల వెనక సందులో ఉంటుంది. ఏడాదిగా కింద కూర్చుంటే లేవలేకపోతోంది, లేస్తే కూర్చోలేకపోతోంది. దవాఖానలో ఇచ్చిన గోలీలు మింగింది, ఆముదం కాచి రుద్దించుకుంది, ఆకుపసరు కట్టించుకుంది. ఏదీ పని చేయలేదు. ఇంతలో వాళ్లింట్లో కిరాయికున్న టీచరమ్మ ఒక మాట చెప్పింది. కోదాడలో ఒక ప్రకృతి చికిత్సాలయం ఉందట. అక్కడ చెక్కపెట్టెలో లోపలంతా ఎర్ర కరెంటు బుగ్గలు, అంటే బల్బులు, బిగించి, ఆ వేడిలో మనిషిని కూర్చోబెడతారట. నాలుగుసార్లు కూర్చుంటే ఆమె నడుము పట్టు వదిలిందట. ఆ రోజు నుంచి మా అత్తకు పెట్టె తప్ప వేరే ధ్యాస లేదు. మామయ్యకు మిల్లు వదిలి కదలడానికి వీల్లేదు. డిగ్రీ అయిపోయి, సూర్యాపేటలో ఇంటిపట్టున కాలు నిలవక తిరుగుతున్నదాన్ని నేనే కాబట్టి తోడు వెళ్లే పని నాకు పడింది. ఊళ్లు తిరగమంటే నేనెప్పుడూ సిద్ధమే. కానీ ఈసారి మాత్రం భయపడుతూనే బయలుదేరాను. కరెంటు, తలుపులేసిన పెట్టె, లోపల బీపీ ఉన్న మనిషి.

శుక్రవారం సాయంత్రమే మిర్యాలగూడ వెళ్లి అత్తింట్లో పడుకున్నాను. మీరూ ఆ వైపు నుంచి వెళ్లేట్టయితే పొద్దున ఆరున్నర ఎర్రబస్సు పట్టుకోండి. హుజూర్‌నగర్ మీదుగా పోతుంది, తొమ్మిది కాకముందే కోదాడలో దింపుతుంది, మనిషికి పదిహేను రూపాయలు దాటదు. తర్వాతి బస్సంటే ఎండ నెత్తిమీదికొస్తుంది. మెట్టు ఎత్తుగా ఉండి అత్త ఎక్కడానికి తంటాలు పడుతుంటే కండక్టరు విసుక్కున్నాడు.

"జర జల్దెక్కమ్మా, నీ ఒక్కదానికోసం బస్సు ఆపాల్నా?"

"నీక్కూడ గీ మోకాళ్లొస్తయి తియ్ కొడుకా, అప్పుడు నిన్నెవరు ఎక్కిస్తరో నేను గూడ సూస్త."

బస్సంతా నవ్వింది. కండక్టరు కూడా నవ్వి, చెయ్యిచ్చి పైకి లాగాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. దారంతా నా మనసు ఆ పెట్టె చుట్టే తిరిగింది. గొళ్లెం లోపలుంటుందా, బయటుంటుందా? వైరు తెగి ఒంటికి తగిలితే? హుజూర్‌నగర్ దాటాక మఠంపల్లి వైపు నుంచి వచ్చే సిమెంటు లారీలు తోడయ్యాయి. కిటికీ పక్కన కూర్చుంటే ముఖాన తెల్లగా దుమ్ము పేరుకుంటుంది, రుమాలు దగ్గర పెట్టుకోండి. అంతకుముందే హుజూర్‌నగర్ బస్టాండులో రెండు పొట్లాలు ఇడ్లీ తీసుకున్నాను. నేను అక్కడికక్కడే తినేశాను. అత్త తన పొట్లం సంచిలో పెట్టుకుంది.

"బస్సుల తింటె నాకు వాంతికొస్తది. గాడ దిగినంక తింట."

"బీపీ గోలీ వేసుకున్నవా?"

"పొద్దుగాలనే ఏసుకున్న. నువ్వు మా అత్తకంటె ఎక్కువున్నవ్ గదనే కోడలా!"

కోదాడ బస్టాండు నుంచి చికిత్సాలయానికి రిక్షాలో పది నిమిషాలు. బయటి నుంచి చూస్తే మామూలు డాబా ఇల్లు. ఆడవాళ్లకు మధ్యాహ్నం దాకా, మగవాళ్లకు ఆ తర్వాత. ఒకసారి కూర్చోవడానికి ముప్పై రూపాయలు, పాత నూలు చీర, తువ్వాలు మనమే తెచ్చుకోవాలి. ఆడవాళ్ల వైపు చూసుకునే ఆవిడ పేరు రత్నమ్మ. వాకిట్లోనే మమ్మల్ని ఆపి ఊపిరి తిప్పుకోకుండా అడగడం మొదలుపెట్టింది.

"షుగరుందామ్మా? గుండె దడేమన్నా వస్తదా? బీపీ? టిఫిన్ చేశారా?"

"అన్నీ మంచిగనే ఉన్నయి. తిన్న," అంది అత్త, అడిగినవన్నీ ఒక్క దెబ్బకు తుడిచేస్తూ.

"బీపీ ఉందండి," అన్నాను నేను. అత్త నా తొడ గిల్లింది. ఇంతదూరం వచ్చాక వెనక్కి పంపిస్తారని ఆమె భయం.

డాక్టరు గారు బీపీ చూశారు. గోలీలు వాడుతోంది కాబట్టి పది నిమిషాలు మాత్రమే కూర్చోవచ్చన్నారు. తల తిరిగినా, గుండె దడదడలాడినా ఆ క్షణమే చెప్పాలన్నారు. "నీళ్లు బాగా తాగారా?" అని అడిగితే, "కడివెడు తాగిన సారూ," అంది అత్త. నేను నమ్మాను, బస్టాండులో నేను రిక్షా మాట్లాడేలోపు తినేసి, తాగేసి ఉంటుందనుకున్నాను.

పెట్టె ఒక చిన్న గదిలో, గోడకు ఆనించి ఉంది. బీరువాలో సగం ఎత్తు. ముందు రెండు తలుపులు, పైన మెడ పట్టేంత గుండ్రటి కంత. లోపల మెరిసే రేకు తాపడం, రేకు మీద వరుసగా ఎర్రటి పెద్ద బుగ్గలు, వాటికి మనిషి తగలకుండా ఇనుప జాలీ, మధ్యలో ఒక చెక్కపీట. గొళ్లెం బయటే ఉంది. అది చూసి నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

"ఫస్టు నువ్వు పో," అంది అత్త. "నువ్వు మంచిగ బయటికొస్తె నేను పోత."

"నేను రాకపోతే?"

"మీ నాయినకు నేనే జెప్త తియ్, పరేషాన్ గాకు."

కూర్చున్నాను. చెవులకున్నవి, చేతి గడియారం అన్నీ తీసేశాను. మెడ చుట్టూ తడి తువ్వాలు చుట్టి, నెత్తిన ఇంకో తడిగుడ్డ వేసింది రత్నమ్మ. తలుపులు మూసుకున్నాయి, గొళ్లెం పడిన చప్పుడు నా వెన్నులో వినిపించింది. మీట నొక్కగానే నా మెడ కింద నుంచి ఎర్రటి వెలుగు సందుల్లోంచి పైకి వచ్చింది. ఆవిరి లేదు, పొగ లేదు. గాలి వేడెక్కినట్టు కూడా అనిపించలేదు. కానీ కాసేపటికి తొడల మీద, వీపు మీద చర్మం కిందినుంచి ఎవరో కుంపటి రాజేస్తున్నట్టు వేడి లేచింది. చెమట కాలువలు కట్టింది. ముక్కు దురద పెట్టింది. చేతులు లోపలున్నాయి, గోక్కోవడానికి లేదు. బుగ్గలు ఒక్కసారి మసకబారి మళ్లీ భగ్గుమన్నాయి. "ఏమైంది?" అని అరిచాను. "వోల్టేజీ అమ్మా, రోజూ ఇంతే," అంది రత్నమ్మ. పది నిమిషాలు అయ్యేసరికి మీట తీసి, తలుపు కొద్దిగా తెరిచి, అలాగే కూర్చోమంది. తర్వాత మెల్లగా లేపి రెండు గ్లాసుల నీళ్లు తాగించింది. ఒళ్లు దూదిలా తేలిపోయింది. ఇంతేనా అనిపించింది. పొద్దుటి నుంచి పట్టుకున్న భయం కొంచెం వదిలింది.

అత్తను కూర్చోబెట్టడం పెద్ద తతంగమే అయింది. వేడికి లోహం కాలుతుంది, అన్నీ తీసేయాలంది రత్నమ్మ. గాజులు, కమ్మలు తీసింది కానీ పుస్తెలతాడు దగ్గరికి వచ్చేసరికి అత్త రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది. మామయ్య నిక్షేపంగా ఉండగా అది మెడలోంచి తీసే ప్రశ్నే లేదు. చివరికి తాడును కంతలోంచి పైకి లాగి, తువ్వాలు మీద వేశాం. మెట్టెలు వేళ్లకు బిగుసుకుపోయి రాలేదు, వాటికి తడిగుడ్డ చుట్టాం.

"నా పెండ్లికి గూడ గింత ముస్తాబు జెయ్యలే," అంది అత్త తల మాత్రం బయటపెట్టి. "ఎట్లున్న కోడలా? అంగట్ల గుమ్మడికాయ లెక్క ఉన్ననా?"

రత్నమ్మ మీట నొక్కి, "ఇక్కడే ఉండు తల్లీ, పక్క గదిలో ఒకావిడకు మట్టి పట్టీ వేయాలి," అని వెళ్లింది. నేను అత్తకు పొడి జాకెట్టు తీద్దామని సంచి తెరిచాను. ఇడ్లీ పొట్లం కట్టిన దారంతో సహా అలాగే ఉంది. నీళ్ల సీసా మూతి దాకా నిండుగా ఉంది.

"అత్తా, ఇడ్లీ తినలేదా?"

అత్త కళ్లు పక్కకు తిప్పుకుంది.

"నీళ్లన్నా తాగినవా లేదా?"

"ఇయ్యాల శనారం గదనే," అంది మెల్లగా. "ఒక్కపొద్దు ఉన్న. ఈ పెట్టె పనిజెయ్యాలె, మోకాళ్లు మంచిగ గావాలె అని మొక్కుకున్న. పొద్దుగూకేదాక నీళ్లు గూడ ముట్టనని."

"మరి గోలీ?"

"వట్టిగ మింగిన."

బీపీ గోలీ, ఖాళీ కడుపు, నిన్న రాత్రి నుంచి చుక్క నీళ్లు లేవు, ఇప్పుడీ చెమట. అత్త ముఖం చూశాను. నా చెమట పట్టిన ముఖంలా లేదు. పెదాలు ఎండి తెల్లబడ్డాయి, నుదురు మాత్రం నల్లగా కమిలినట్టుంది. మాట్లాడుతున్నదల్లా ఆగిపోయింది. నేను వరండాలోకి పరుగెత్తి రత్నమ్మను కేకేశాను. ఆమె మట్టి చేతులతోనే వచ్చి మోచేత్తో మీట ఆపింది.

"ఎంత పని చేశారమ్మా! అడిగితే తిన్నానంటిరి కదా!"

"ఇంక టైం గాలే గదా, ఎందుకు బంద్ జేసిన్రు?" అని అత్త ఎదురు తిరిగింది.

"లేవకండి, కూర్చునే ఉండండి," అని రత్నమ్మ అంటూనే ఉంది, నేను గొళ్లెం తీశాను. తలుపు తెరుచుకోగానే అత్త దేన్నీ పట్టుకోకుండా, మూలగకుండా, ఏడాది తర్వాత మొదటిసారి నిటారుగా లేచి నిలబడింది. ముఖమంతా వెలిగిపోయింది.

"సూడు కోడలా! లేసిన!"

ఆ మాట పూర్తి కాకముందే కళ్లు తేలేసి నా మీద పడింది.

ఆమె బరువుకు నేనూ కూలబడ్డాను. అందుకే తల నేలకు తగల్లేదు. రత్నమ్మ ఆమె కాళ్లను పీట మీదికెత్తి పెట్టింది, ఫ్యాను తిప్పింది, తడిగుడ్డతో ముఖం తుడిచింది. నేను "అత్తా, అత్తా" అంటూనే ఉన్నాను. నా గొంతు నాకే వేరేవాళ్లదిలా వినిపించింది. మామయ్యకు ఎట్లా చెప్పాలి, ఎక్కడి నుంచి ఫోన్ చేయాలి అన్న ఆలోచన కూడా వచ్చేసింది. ఎంతసేపటికో కనురెప్పలు కదిలాయి.

డాక్టరు గారు వచ్చి బీపీ చూసి, "బాగా పడిపోయింది. ముందు ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు పట్టించండి," అన్నారు. గ్లాసు నోటి దగ్గర పెట్టాను. అత్త పళ్లు బిగించింది.

"పొద్దుగూకలే."

"అమ్మా, తాగకపోతే పెద్ద దవాఖానకు తీసుకెళ్లి సెలైను ఎక్కించాల్సి వస్తుంది," అన్నారాయన.

అత్త పడుకున్నచోటి నుంచే కళ్లు తిప్పి ఆయన్ను చూసింది. "సూదితోని ఎక్కిస్తె ఒక్కపొద్దు జెడది గదా సారూ?"

ఆయన తల పట్టుకున్నారు. నాకు మాత్రం భయం ఇంకా పెరిగింది. ఈ మనిషి ప్రాణం మీదికొచ్చినా తాగదని అప్పుడు తెలిసింది. కోపగించి లాభం లేదు, బతిమాలి లాభం లేదు. మా ఇళ్లలో ఒక పద్ధతుంది. మొక్కుకున్న మనిషికి ఒంట్లో బాగాలేకపోతే, ఇంటి ఆడపడుచో ఆడపిల్లో ఆ ఒక్కపొద్దు తన మీద వేసుకోవచ్చు.

"నీ ఒక్కపొద్దు నేనుంట. నువ్వు తాగు."

"నువ్వు పొద్దుగాలనే ఇడ్లీలు తింటివి."

"వచ్చే శనివారం నుంచి ఉంట."

"ఒక్క శనారానికి చెల్లది. నడుమల ఎంగిలి పడే మొక్కు ఇది. మూడు."

"రెండు."

"మూడంటే మూడు. నీళ్లు గూడ ముట్టొద్దు."

"సరే, మూడు. తాగు ముందు!"

"దేవుణ్ణి నమ్మని దానివి, మాట మీద ఉంటవా?"

"నీ మీద ఒట్టు."

అప్పుడు నోరు తెరిచింది. ఒక్కొక్క గుటక గొంతులోంచి దిగుతుంటే నేను కళ్లార్పకుండా చూశాను. రెండు గ్లాసులయ్యాక పెదాలకు రంగొచ్చింది.

డాక్టరు గారు సాయంత్రం నాలుగు దాకా పడుకోబెట్టి, మళ్లీ బీపీ చూసి పంపారు. అత్తను మళ్లీ అంతసేపు మిర్యాలగూడ బస్సులో కూర్చోబెట్టే ధైర్యం లేక, మామయ్యకు ఫోన్ చేసి చెప్పి, హైవే మీద సూర్యాపేటకే తీసుకొచ్చాను. ఆ దారి బాగుంటుంది, ఎక్స్‌ప్రెస్ అయితే గంట ప్రయాణం. కానీ నాకా గంట ఎట్లా గడిచిందో చెప్పలేను. అత్త కళ్లు మూసుకున్నప్పుడల్లా భుజం తట్టి లేపాను.

"నిద్ర గూడ పోనియ్యవా?"

"సూర్యాపేట దాక ఏదన్నా మాట్లాడు."

మాట్లాడింది. సందులో అందరి సంగతులూ చెప్పింది. దిగగానే మాకు తెలిసిన డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ప్రమాదం లేదంది, అత్తను నా ముందే తిట్టింది.

మోకాళ్లు రెండు రోజులు తేలిగ్గా ఉన్నాయట, తర్వాత మళ్లీ మామూలే. అత్త ఇంకోసారి పోదామంటోంది. నేనింకా సరేననలేదు. ఆ రోజు నేను భయపడ్డవన్నీ, గొళ్లెం, వైరు, వోల్టేజీ, ఒక్కటీ మమ్మల్నేం చేయలేదు. ఆమె పక్క సీట్లో కూర్చుని నవ్వుతూ ఎండిపోతుంటే మాత్రం నాకు కనిపించలేదు. ఇది రాస్తున్నది మూడో శనివారం సాయంత్రం. పొద్దింకా గూకలేదు, నాలుక అంగిట్లో అతుక్కుంటోంది. చెమట పెట్టెలో కాదు, మా ఇంటి నీడలో కూర్చునే ఇట్లా ఉంది నాకు. ఆ ఎర్ర బుగ్గల మధ్య అత్తకు ఎట్లా ఉండి ఉంటుందో అనుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. మీ పెద్దవాళ్లను ఇలాంటి పెట్టెలో కూర్చోబెట్టే ముందు తిన్నారా, తాగారా అని అడగకండి. మీ చేత్తో నీళ్లు ఇచ్చి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఎదురుగా నిలబడండి.