వానపాము ముట్టని చెయ్యి

మా ముత్తాత పన్నెండు ఊళ్ళకు ముఠాదారు. కొండమీద శిస్తు వసూలు చేసి కింద రాజావారి ఖజానాకు పంపేవాడు. దసరా దర్బారులో ఆయనకు పాగా పెట్టి కుర్చీ వేసేవారు. మా తాత నాటికి ఊళ్ళు ఏడయ్యాయి గాని కుర్చీ ఉండేది. నాన్న కాలంలో ప్రభుత్వం ముఠాలు రద్దు చేసింది. కుర్చీ కూడా పోయింది. ఆయన మాత్రం చనిపోయేదాకా ఎవరింట్లోనూ నేలమీద కూర్చోలేదు. నేను మండల ఆఫీసులో ముప్పై ఏళ్ళు గుమస్తాగా పనిచేశాను. ఆ సంగతి ఇంతకంటే చెప్పను.

మాకు మిగిలిన అలవాటు ఒక్కటే, గేలం. అరకు నుంచి మా ఊరికి వచ్చే దారిలో ఒక గెడ్డ, కొండవాగు, ఉంది. వంపు తిరిగేచోట నీళ్ళు నిలిచి మడుగు కట్టింది. ఒడ్డున నల్లబండ. ఆ బండమీద మా ఇంటి పెద్ద తప్ప ఇంకొకరు కూర్చునేవారు కాదు. ప్రతి ఆదివారం తెల్లారగానే అక్కడికి వెళ్ళేవాణ్ణి. బెండు నీటిమీద ఆడుతుంటే, పైన సిల్వర్ ఓక్ చెట్లలో గాలి వీస్తుంటే, ఆఫీసులో వారమంతా మింగిన మాటలు నెమ్మదిగా దిగిపోయేవి. రిటైరయ్యాక కూడా మానలేదు. బీపీ మాత్ర మరిచిపోయిన ఆదివారాలున్నాయి గాని గేలం మరిచిపోయిన ఆదివారం లేదు.

మా ఇంట్లో గేలానికి ఒక పద్ధతి ఉంది. ఇంటి పెద్ద వానపామును ముట్టడు. ఎర గుచ్చిన గేలాన్ని ఇంకొకరు చేతికి అందించాలి. చేప పడితే దాన్ని కొక్కెం నుంచి తప్పించడం కూడా వాళ్ళ పనే. పెద్ద చేసేది కర్ర పట్టుకోవడం, లాగడం. తాతకు ఆ పనికి ఒక మనిషి ఉండేవాడు. నాకు మా అప్ప, సొంత అక్క, ఉండేది.

అప్ప నాకంటే నాలుగేళ్ళు పెద్ద. మొగుడు పోయాక పుట్టింటికి వచ్చేసింది. నా భార్య పోయాక ఆ ఇంట్లో మేమిద్దరమే. ఆదివారం పొద్దున్నే తడిమట్టి తవ్వి, పాత డబ్బాలో వానపాములు వేసుకుని నా వెనక వచ్చేది. బండ కింద నీళ్ళలో పాదాలు పెట్టుకుని కూర్చునేది. ఇంగిలాయి చేప పడినప్పుడు దాని ముల్లు గుచ్చుకుని చెయ్యి మోచేతిదాకా వాచిపోయేది. నేను "జాగ్రత్తగా తియ్యి, చేప నలుగుతుంది" అనేవాణ్ణి.

ఆమె గేలం పట్టిన రోజు ఒకటుంది. అప్పుడు ఆమెకు పదమూడు, నాకు తొమ్మిది. నాన్న ఇంటికి వచ్చిన చుట్టాల ముందు సరదాకు మా ఇద్దరి చేతికీ చెరో కర్ర ఇచ్చి మడుగు దగ్గర నిలబెట్టాడు. మధ్యాహ్నానికి నా బెండు ఒక్కసారి కూడా మునగలేదు. ఆమె మోచేతి పొడుగు కొరమీనును లాగింది. "బ్రహ్మ ఏమరుపాటున దీన్ని ఆడదాన్ని చేశాడు" అన్నాడు నాన్న. తడి కర్రతో నా పిక్కలమీద నాలుగు వాయించి, ఆ కొరమీనును నా నెత్తిన పెట్టి ఊరంతా నడిపించాడు. దాని జిగురు నా కళ్ళలోకి కారింది. చుట్టాలు నవ్వారు. తర్వాత ఏడాది అప్ప పెద్దమనిషయింది, గేలం ఆమె చేతికి మళ్ళీ ఇవ్వలేదు. పెళ్ళిలో మాత్రం మడుగు పక్కనున్న ఎకరం ముప్పావు ఆమె పేర పెట్టాడు నాన్న. కొడుకునైన నాకు చెప్పలేదు.

ఈమధ్య ఆమెకు షుగరు ముదిరింది. చూపు మసకేసింది, వేళ్ళ చివర్లు మొద్దుబారాయి. వానపాము గుచ్చాక కొక్కెం మొన మూసుకుందో లేదో వేళ్ళకు తెలియక పెదవికి ఆనించి చూసుకునేది. ఒకసారి మొన వేలిలోకి దిగిపోయినా తెలియలేదు. రక్తం డబ్బాలో కారుతుంటే నేనే చూసి, "చెయ్యి కడుక్కో, నీళ్ళు పాడవుతాయి" అన్నాను.

కిందటి చైత్రంలో విశాఖ పెద్దాసుపత్రిలో డాక్టరు చెప్పాడు, కళ్ళలో మిగిలిన వెలుగు ఆరు నెలలకంటే ఉండదని. తిరిగొచ్చే బస్సులో ఆమె ఏడవలేదు. ఘాట్ రోడ్డు ఎక్కుతుండగా నా వైపు తిరిగింది.

"తమ్ముడా, నాను నిన్నెప్పుడూ ఏటీ అడగనేదు కదా."

"ఇప్పుడేం కావాలి?"

"వొచ్చే ఆదోరం గేలం నాకియ్యి. ఒక్క పూట. బెండు కంటికి అగుపించకుండా పోయేలోపు ఒక్కపాలి పట్టుకుంతాను."

"సరే."

"ఇంకోటి. ఆ రోజు ఎర నువ్వు గుచ్చాల. ఇన్నేళ్ళు నీకు నాను గుచ్చినాను కదా, ఒక్కపాలి నాకు నువ్వు గుచ్చు."

నేను తలూపాను. ఆమెకు కనిపించిందో లేదో గాని, నా మోచేతిమీద చెయ్యి వేసి ఊరొచ్చేదాకా తియ్యలేదు.

ఆ ఆదివారం ఆమె పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుంది. నేను ఆమెను బండమీద కూర్చోబెట్టాను. డబ్బా నా ముందుంది. మట్టిలో వానపాములు మెదులుతున్నాయి. పుల్లతో ఒకదాన్ని అంచుదాకా లాగాను కూడా. ముట్టలేదు. ఇంటి పద్ధతి అడ్డొచ్చిందని అందరికీ చెప్పుకోవచ్చు, నాకు నేను చెప్పుకోలేను. ఆ కళ్ళతో, ఆ వేళ్ళతో కూడా ఆమె నాకంటే పెద్ద చేపను లాగుతుందని నాకు తెలుసు. నా పిక్కలకు తెలుసు. ఖాళీ కొక్కేన్ని నీళ్ళలోకి విసిరి కర్ర ఆమె చేతిలో పెట్టాను.

"గుచ్చినావేటి?" అంది.

"గుచ్చాను."

"ఓలమ్మ! మా తమ్ముడు వానపాం ముట్టుకున్నాడు!" అని చిన్నపిల్లలా నవ్వింది.

ఎండెక్కింది. ఆమె కదల్లేదు. పశువులను తోలుకుంటూ వరసకు బావయ్యే మా ఊరి మనిషి అటు వచ్చాడు. నీళ్ళు తేటగా ఉన్నాయి. కొక్కెం ఉత్తిగా మెరుస్తుండడం అతనికి ఒడ్డుమీది నుంచే కనిపించింది. నోరు తెరవబోతే నేను వేలు పెదవిమీద పెట్టుకున్నాను. అతను ఒక క్షణం నన్ను చూసి, నవ్వు ఆపుకోలేక చతికిలబడ్డాడు.

"వొదినా, గట్టిగా పట్టుకోయే! పెద్దది తిరగతాంది, నిన్ను కూడా లాగీగల్దు!"

"పోరా, నాకు నేర్పుతావేటి? నువ్వు గెడ్డలో పడితే తియ్యడానికి గేలం సాలదు, వల కావాల."

"నీ సేపకి మాత్రం కుండ సాలదే, బాన తెమ్మంతావా?"

అతను పొట్ట పట్టుకుని నవ్వాడు. నేనూ నవ్వాను. మా ఇద్దరి నవ్వూ విని ఆమె ఇంకా నవ్వింది. మేం ముగ్గురం అంత సంతోషంగా మునుపెప్పుడూ లేము.

రెండు గంటలు దాటాక ఆమె కర్ర ఎత్తింది. తంగూసు దారాన్ని చేత్తో తడుముతూ కొక్కెందాకా వచ్చింది. పెదవికి ఆనించుకుంది.

"చేప తినేసి ఉంటుంది," అన్నాను.

"సేప తింటే బెండు లాగుతాది. మణికట్టుకి తెలుస్తాది," అంది. తర్వాత నాలుకతో కొక్కెం మొన చూసింది. "మట్టి రుచైనా లేదురా దీనికి. నువ్వెయ్యనేదు."

బావ లేచి పశువుల వైపు వెళ్ళాలో ఉండాలో తెలియక నిలబడ్డాడు.

"ముఠాదారు వానపామును ముట్టడు," అన్నాను.

"ముఠా ఏదిరా? ఎక్కడున్నాది, సూపించు. నాకంటే కళ్ళు నేవు, నీకున్నాయి కదా. ఆపీసులో నీ కంటే సిన్నోళ్ళకి కుర్చీలు తుడిసినావు. ఆ సేతికి వానపాం మైలేటి?"

ఆ మాట బావ ముందు అంది. నేను లేచి నిలబడ్డాను.

"మొగుడు పోయి నా గుమ్మం ఎక్కినదానివి. వానపాములు గుచ్చడానికి తప్ప నువ్వు దేనికి పనికొచ్చావు? ఇక దానికీ పనికిరావు."

ఆమె కర్రను బండమీద పెట్టింది. విసరలేదు. కాలితో నేలను వెతుక్కుంటూ దిగింది. చెయ్యి అందించాల్సింది నేను. బావ అందించాడు.

ఆ రాత్రి నాకు అన్నం పెట్టింది. మర్నాడూ పెట్టింది. మాటల్లో తేడా లేదు. ఆదివారం మాత్రం రాలేదు. నేను పిండిముద్దలు చేసుకుని ఒక్కణ్ణే వెళ్ళాను. పిండికి వేలెడు పరిగెలు తప్ప పడలేదు. వాటిని కొక్కెం నుంచి తప్పించడం చేతకాక, దారంతో పాటే సంచిలో పడేసుకుంటుంటే, విశాఖ నుంచి వచ్చిన కుర్రాళ్ళు సెల్ ఫోన్లు పట్టుకుని ఆగారు.

"అంకుల్, ఇవి వండుకుంటారా, అక్వేరియంలో వేసుకుంటారా?"

నేను ఎవరినో వాళ్ళకు చెప్పాను. పన్నెండు ఊళ్ళు, పాగా, దర్బారు. ఒకడు శ్రద్ధగా విని, "సూపర్ అంకుల్, ఒక ఫోటో," అన్నాడు.

నాలుగు ఆదివారాలు అలా గడిచాక అప్ప బావను ఇంటికి పిలిపించింది. నేను అరుగుమీదే ఉన్నాను.

"గెడ్డ ఒడ్డు నేల ఎవులైనా అడగతన్నారా?" అంది.

"టూరిస్టులకి టెంట్లు వేసేవోడు ఒకడున్నాడు. మనోడే. మునుపు రెండుపాలి అడిగినాడు. నువ్వే వొద్దన్నావు, తమ్ముడు ఆదోరం పూట ఎక్కడికెల్తాడని."

"బేగి రమ్మను. నా కళ్ళు కాగితం మీద గీత సూడగలిగినప్పుడే రమ్మను."

"అప్పా," అన్నాను. క్షమించు అన్న మాట మా ఇంట్లో మగవాళ్ళెవరూ వాడగా నేను వినలేదు. నేనూ వాడలేదు.

ఆమె నా మాట కోసం చెవి నా వైపు తిప్పింది. తర్వాత బావతో, "రేపే రమ్మను," అంది.

ఆషాఢం రాకముందే ఎకరం ముప్పావు నేల, అందులోని కాఫీ తోట, మిరియాల తీగలు, మడుగు ఒడ్డు, బండ అన్నీ ఒకే కాగితం మీద అమ్మేసింది.