మూడు వందల పన్నెండున్నర మెట్లు

మా బావ గురించి చెడ్డగా చెబితే మా అక్కకు కోపం వస్తుంది, మంచిగా చెబితే నాకే నమ్మకం కలగదు. అందుకని జరిగింది జరిగినట్టు చెబుతాను.

బస్టాండును ఆనుకుని ఒక్కటే గది. బయట పర్యాటక సమాచార కేంద్రం అని బోర్డు. లోపల ఒక కౌంటరు, దాని మీద అరచేత్తో కొడితే మోగే గంట, గోడ నిండా ఈ ప్రాంతం పటం, పక్కన కరపత్రాలు పెట్టే చెక్క బీరువా. కౌంటరు వెనక మా బావ. ఇరవై రెండేళ్లుగా అక్కడే ఉన్నాడు. ఎదురుగా మనిషి నిలబడి దగ్గినా, గొంతు సవరించుకున్నా తలెత్తడు. గంట కొట్టాల్సిందే. కొట్టాక మాత్రం ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. కోటకు ఎలా వెళ్లాలని అడిగితే చాలు, మలుపులెన్ని, నీడ ఎక్కడ దొరుకుతుంది, దాహం ఎక్కడ వేస్తుంది, కాలు ఎక్కడ జారుతుంది, అన్నీ ఊపిరి తీసుకోకుండా ఏకరువు పెడతాడు. వినేవాళ్లకు సగం అలసట అక్కడే వచ్చేస్తుంది.

ఇంతా చేసి, ఆయన ఆ కోట చూడలేదు. కోట దారిలో ఉన్న చెరువూ చూడలేదు. ఊళ్లో ఉన్న మ్యూజియం కూడా చూడలేదు.

దీనికంతటికీ కారణం సోమవారం. కేంద్రానికి వారానికి ఒక్కరోజు సెలవు, అది సోమవారం. కోటకూ సెలవు సోమవారమే. ఆ రోజు చెరువులో పడవలు తిరగవు, మ్యూజియానికి తాళం. మిగతా ఆరు రోజులూ మా బావ కౌంటరు వదలడు. "నేను లేనప్పుడు ఎవరైనా వచ్చి గంట కొడితే?" అంటాడు. ఒక్కరోజు సెలవు పెట్టమంటే, నేనేదో ఆయన కిడ్నీ అడిగినట్టు చూస్తాడు. పెళ్లైన కొత్తలో అక్కను కోటకు తీసుకెళ్తానని మాటిచ్చాడు. అది ఇంకా చెల్లుతుందని అక్క నమ్మకం. నేనైతే ఎప్పుడో నీళ్లు వదులుకున్నాను.

మరి చూడకుండానే అంతంత ఎలా చెబుతాడంటే, ఆయన దగ్గర ఒక లావుపాటి నోటుబుక్కు ఉంది. అన్నీ చూసి తిరిగొచ్చినవాళ్లను అంత తేలిగ్గా బస్సెక్కనివ్వడు. కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, "చెప్పండి, ఏం చూశారు?" అని పెన్ను తీస్తాడు. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాయాలన్నది ఆయన రూలు. మర్నాడు వచ్చినవాళ్లకు అదే అప్పజెబుతాడు. పాపం చాలామంది "చాలా బాగుందండీ" అని లేవబోతారు. ఆ మాటంటే మా బావకు ఒళ్లు మంట. "బాగుంది అనేది సమాచారం కాదండీ. ఎన్ని మెట్లు? గాలి ఎటు నుంచి వీస్తోంది? కూర్చోడానికి చోటుందా?" అని నిలదీస్తాడు. ఆయన ప్రశ్నలకు జవాబు చెబుతూ బస్సు తప్పిపోయినవాళ్లు ఉన్నారు. వాళ్లు మా ఇంట్లో భోంచేసి మరీ వెళ్లారు.

మెట్ల సంగతి అలా తయారైందే. చాలా ఏళ్ల కిందట ఒకాయన కోట దిగి వచ్చి మూడు వందల ఎనిమిది మెట్లన్నాడు. అదే రోజు ఇంకొకాయన మూడు వందల పదిహేడన్నాడు. ఇద్దరూ పెద్దమనుషులే, ఇద్దరూ ఒట్టేసి లెక్కపెట్టామన్నారు. ఎవరి మాటా తీసెయ్యలేక మా బావ రెండూ కూడి సగం చేశాడు. మూడు వందల పన్నెండున్నర వచ్చింది. అప్పటి నుంచి వచ్చిన ప్రతి ఒక్కరికీ తడుముకోకుండా అదే చెబుతున్నాడు.

"బావా, అర మెట్టు ఎక్కడైనా ఉంటుందా?" అని ఒకసారి అడిగాను.

"లెక్క అలా వచ్చింది. మధ్యలో నేనేం చెయ్యను?" అన్నాడు.

కిందటేడు ప్రధాన కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. తనిఖీకి ఒక అధికారిణి వస్తారట. కేంద్రంలో చెప్పే దారిలోనే, చెప్పే ఉద్యోగిని వెంటబెట్టుకుని కోట దాకా వెళ్లి, సమాచారం సరైనదో కాదో చూస్తారట. తేడా వస్తే కౌంటరు తీసేసి, ఆ చోట బొత్తం నొక్కితే మాట్లాడే యంత్రం పెడతారట. ఉత్తరంతోపాటు పన్నెండు గడుల ఫారం నమూనా కూడా పంపారు. పన్నెండో గడిలో ఇలా ఉంది: ఉద్యోగి ఈ స్థలాన్ని స్వయంగా చూశాడా?

ఆ రోజు భోజనం దగ్గర మా బావ ముద్ద ఎత్తలేదు.

"ఇరవై రెండేళ్లు గంట మోగితే నేనే పలికాను. ఇప్పుడు బొత్తం పలుకుతుందట," అన్నాడు.

మామూలుగా అయితే నాకు నవ్వు రావాలి. రాలేదు. ఎన్ని వెటకారాలు ఆడినా, ఆ కౌంటరు లేకపోతే ఈ మనిషి ఏమైపోతాడోనని నాకూ గుబులు పుట్టింది.

"ముందే ఒకసారి వెళ్లి చూసి వస్తే పోలా?" అంది అక్క.

"తనిఖీ ఈ బుధవారమే. మధ్యలో నాకు సెలవున్నది ఒక్క సోమవారం."

"ఒక పూట సెలవు పెట్టండి."

"తనిఖీకి ముందు సెలవు పెడితే వాళ్లేమనుకుంటారు?" అన్నాడు బావ. అక్క నా వైపు చూసింది. నేను సాంబారు గిన్నె వైపు చూశాను అని రాయాలనుంది గానీ, నిజానికి అక్కడ గిన్నెలన్నీ ఖాళీ, తినాల్సింది నేను ఒక్కడినే తినేశాను.

బుధవారం పొద్దున నా వ్యాను కడిగి తెచ్చాను. సామాన్లు మోసే వ్యాను అది. వెనక రెండు కుర్చీలు పెట్టి తాళ్లతో కట్టాను. బావ ఒకదాంట్లో కూర్చున్నాడు. రెండోదాంట్లో చూస్తే అక్క.

"నువ్వెందుకక్కా?"

"ఇరవై ఏళ్లకు తీసుకెళ్తుంటే నేను రాకపోతే ఎలా?" అంది.

అధికారిణిగారు నా పక్కన ముందు సీట్లో కూర్చున్నారు. సన్నటి మనిషి, పెద్ద కళ్లజోడు, కాళ్లకు కొత్త బూట్లు, అట్టకు బిగించిన ఫారం. ఎక్కువ మాట్లాడరు. ఆవిడ పెన్ను టక్కుమన్నప్పుడల్లా వెనక బావ కుర్చీ కిర్రుమనేది.

"వంతెన దాటాక ఎర్ర తలుపుల దర్జీ కొట్టు వస్తుంది. అక్కడ ఎడమకు తిరగాలి," అన్నాడు బావ, కళ్లు మూసుకుని.

నిజంగానే వచ్చింది. మేడమ్ వ్యాను ఆపించి, దిగి, ఈ తలుపులు ఎప్పుడూ ఎరుపేనా అని దర్జీని అడిగారు. దర్జీ మెడలో టేపుతో బయటికొచ్చాడు.

"ఏం చెప్పమంటారండీ. నాకు ఆకుపచ్చంటే ఇష్టం. ఒకసారి ముచ్చటపడి వేయించుకున్నాను కూడా. వారం రోజులపాటు కోటకని బయల్దేరినవాళ్లంతా నేరుగా పోయి రాళ్ల క్వారీలో తేలారు. తిరిగొచ్చి నన్ను తిట్టారు, ఎర్ర తలుపులు ఏం చేశావని. బస్టాండులో ఎవరో ఒకాయన అలా చెబుతాడట. ఆయనెలాగూ మార్చుకోడు, నేనే మార్చుకున్నాను."

మా బావ వ్యానులో ఒక మూలకు ఒదిగిపోయాడు. మేడమ్ ఒకటో గడిలో టిక్కు పెట్టారు.

చెరువు దగ్గర అందరం దిగాం. గట్టు పక్కన నీలం గేటు ఇల్లు. "ఈ ఇంటి బాతు తరుముతుంది. పరుగెత్తకూడదు. కదలకుండా నిలబడితే దానంతటదే పోతుంది," అని బావ నోటుబుక్కు చూసి చదివాడు. చదవడం పూర్తికాకముందే బాతు రానే వచ్చింది. మేడమ్ ఒకే ఒక్క పరుగు తీసి వ్యానులో పడ్డారు. ఆవిడ వెనకాలే నేను, నన్ను తోసుకుంటూ అక్క. మా బావ మాత్రం తన సమాచారం మీద గౌరవంతో స్తంభంలా నిలబడ్డాడు. బాతు తాపీగా నడిచి వచ్చి, ఆయన పిక్క మీద మూడు చోట్ల పొడిచి, అప్పుడు పోయింది.

"చెప్పానా, దానంతటదే పోయింది," అన్నాడు కుంటుకుంటూ ఎక్కి.

మేడమ్ కాసేపు ఆలోచించి రెండో గడిలోనూ టిక్కు పెట్టారు. అక్క నా జేబురుమాలు లాక్కుని బావ కాలికి కట్టు కట్టింది. ఆ రుమాలు కొని రెండు రోజులు కూడా కాలేదు.

మిగతా గడులు దారి పొడుగునా నిండుతూ వచ్చాయి. పదకొండోది మెట్లు. మేడమ్ పైకి లెక్కపెడుతూ ఎక్కడం మొదలుపెట్టారు. వెనక బావ, ఆ వెనక అక్క, అందరికంటే వెనక నేను, ఎవరు పడితే వాళ్లను పట్టుకోడానికి. కోట గుమ్మం చేరేసరికి మేడమ్ ఆగారు.

"మూడు వందల పన్నెండు. అర ఏదండీ?"

బావ గబగబా నోటుబుక్కు తిప్పసాగాడు. అంతలో గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చున్న కోట కాపలాదారు తలెత్తకుండానే చెయ్యి ఊపాడు.

"అర మెట్టు కోసమేగా? ఇటు రండి."

గుమ్మానికి ఎడమ పక్కన ఉంది. సగం ఎత్తు, సగం వెడల్పు, చుట్టూ తెల్ల రంగు గీత.

"బస్టాండులో ఒకాయన ఉన్నాడండీ," అని కాపలాదారు మొదలుపెట్టాడు. "ఆయన పుణ్యమా అని రోజూ పదిమంది వచ్చి అర మెట్టు చూపించమంటారు. లేదంటే నేనే ఇంటికి పట్టుకుపోయినట్టు చూస్తారు. ఒక మాస్టారైతే క్లాసునంతా తోలుకొచ్చి పొద్దస్తమానం టేపుతో కొలిపించాడు. ఇక నావల్ల కాక తాపీ మేస్త్రీని పిలిచి ఇది కట్టించాను. ఇప్పుడు కోట కంటే దీనికే ఫోటోలు ఎక్కువ. ఆ మనిషి ఒక్కసారి కనబడితే అడగాలని ఉంది, నువ్వు ఒక్కసారైనా వచ్చి చూశావా అని."

అప్పుడు మా అక్క, ఎక్కడ ఏం మాట్లాడాలో తెలియని మహాతల్లి, మురిసిపోతూ, "ఆయనే ఈయన," అంది.

కాపలాదారు లేచి నిలబడ్డాడు. బావను తల నుంచి కిందికి చూస్తూ వచ్చి, రుమాలు కట్టు దగ్గర ఆగాడు.

"బాతు దగ్గర కదలకుండా నిలబడ్డారా?"

"నిలబడ్డాను."

"మీరు పంపినవాళ్లంతా ఇలాగే వస్తారండీ. సిగ్గుపడి మీకు చెప్పి ఉండరు."

మేడమ్ కళ్లజోడు సవరించుకున్నారు. "అంటే మీరు ఇదివరకు ఇక్కడికి రాలేదన్నమాట," అన్నారు. ఆవిడ పన్నెండో గడి మీద పెన్ను ఆనించి, అందులో ఉన్నది ఉన్నట్టు చదివారు. "ఉద్యోగి ఈ స్థలాన్ని స్వయంగా చూశాడా?"

బావ పిట్టగోడ దగ్గరికి నడిచాడు. అక్కడి నుంచి ఊరంతా కనిపిస్తోంది. మేం వచ్చిన దారి, చెరువు, వంతెన, చివర బస్టాండు, దాన్ని ఆనుకుని గోరంత గది. ఆయన తన గదిని చూసుకుంటూ చాలాసేపు నిలబడ్డాడు.

"చూశానండీ," అన్నాడు.

"ఎప్పుడు?"

"ఇప్పుడే."

"ఏం చూశారు?"

ఇరవై రెండేళ్లుగా ఊపిరి తీసుకోకుండా చెప్పిన మనిషి. నోటుబుక్కు చేతిలోనే ఉంది. తెరవలేదు. కళ్లు తుడుచుకున్నాడు.

"చాలా బాగుందండీ," అన్నాడు.

మేడమ్ ఇంకేమైనా చెబుతాడేమోనని ఆగారు. అక్క ఆ అర మెట్టు మీద చతికిలబడి, "అవునండీ, చాలా బాగుంది," అంది.

కాపలాదారుకే అనుమానం వచ్చింది. "మేడమ్, యంత్రం పెడతారని విన్నాను. అది మెట్లు ఎన్నని చెబుతుంది?"

"ఎన్నుంటే అన్నని."

"ఎవరైనా పాత లెక్క చూసి దాంట్లో మూడు వందల పన్నెండని ఎక్కిస్తే, ఇంత సిమెంటు పోసి కట్టించిన దీన్ని నేనేం చేసుకోను?"

మేడమ్ అక్కను కాస్త లేవమన్నారు. బూటు కాలు ఆ అర మెట్టు మీద పెట్టి, "మూడు వందల పన్నెండున్నర," అని పదకొండో గడిలో టిక్కు పెట్టారు. పన్నెండో గడిలో అవును అని రాసి ఆ రోజు తేదీ వేశారు. కింద అడుగున ఒక సిఫారసు కూడా రాశారు: ఈ కేంద్రానికి వారపు సెలవు సోమవారం నుంచి శుక్రవారానికి మార్చవలెను. చివరికి ఆ యంత్రం వేరే ఊరికి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం కేంద్రం తలుపు తీయగానే అక్క సరాసరి కౌంటరు వెనక్కి వెళ్లి కూర్చుంది. బావను వచ్చినవాళ్ల కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, పెన్ను తీసింది.

"చెప్పండి, ఏం చూశారు?"

"అక్కడే చెప్పాగా. చాలా బాగుంది."

"బాగుంది అనేది సమాచారం కాదండీ."

"చెప్పింది చెప్పినట్టు రాయాలి. అది రూలు," అన్నాడు బావ. అక్క రాసింది.

మర్నాడు పొద్దున నేను కౌంటరు దగ్గరే ఉన్నాను. ఒక జంట వచ్చి గంట కొట్టారు, కోట ఎలా ఉంటుందని అడిగారు. బావ నోటుబుక్కు చివరి పేజీ తిప్పి, "చాలా బాగుంటుందండీ," అని ఊరుకున్నాడు. వాళ్లు సరేనని బయల్దేరి గుమ్మం దాటుతుండగా వెనక్కి పిలిచాడు.

"బాతు కనిపిస్తే మాత్రం పరుగెత్తండి," అన్నాడు.