ఈరన్న కాలు, నాగమ్మ తప్పు

2022 చివర్లో, పత్తి ఇళ్లకు చేరే కాలం. ఆదోనిలో ఒక ఆసుపత్రి ఎన్‌సీడీ క్లినిక్‌లో, అంటే బీపీ, షుగర్ లాంటి దీర్ఘరోగాలు చూసే గదిలో నర్సుగా ఉన్నాను. షుగర్ మొగవాళ్లకు, మాత్రల కోసం వరుసలో నిలబడేది పెళ్లాలు. పెద్దకడుబూరు వైపు నుంచి వచ్చే నాగమ్మా అంతే. ఆమె భర్త ఈరన్న ముఖం నేను ఎప్పుడూ చూడలేదు. షుగర్‌కు మంచిదని కొర్రన్నం వండితే "నేనేం బీదోన్నా?" అని కంచం తోసేస్తాడని మాత్రం ఒకసారి చెప్పింది.

చివరికి ఒకరోజు ఈరన్న వచ్చాడు. వెంట నాగమ్మ, ఆయన అన్న. బొటనవేలు నల్లబడి వాసన కొడుతోంది. మోనోఫిలమెంట్ అనే నైలాన్ పోగును అరికాలికి తాకించి చూశాను. ఎక్కడా స్పర్శ లేదు. దీన్నే న్యూరోపతి అంటాం, షుగర్‌తో నరాలు మొద్దుబారడం.

"యాడ గుచ్చుకునిందప్పా?"

"బోరెంలో పత్తి తొక్కినాను. ఎండిన పత్తికాయ గుల్ల దిగినట్టుంది. నొప్పి ల్యాకపాయ, నాకేం తెలుసు సిస్టరమ్మా?"

బోరెం అంటే పెద్ద గోనెసంచి. మనిషి అందులోకి దిగి పత్తిని కాళ్లతో అదిమి నింపుతాడు. పత్తి లక్ష్మి కాబట్టి చెప్పులు వేసుకోరు. సరే, కాళ్లు కడుక్కునేటప్పుడైనా చూసుకోవద్దా?

నేను అడిగేలోపే అన్న నాగమ్మ మీద పడ్డాడు. "మొగుని కాలు చూసుకోకుండా ఇంట్లో ఏం చేస్తాండావు?"

ఈరన్న అవునన్నట్టు తలూపాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"షుగర్ ఆమెకు కాదప్పా, నీకు. కంచం తోసిన చెయ్యి నీది. కాలు నీది. వంగి చూసుకోలేనంత ముసలోనివా?"

వేలు తీసేశారు. అదృష్టం, పాదం మిగిలింది. తర్వాత కట్టు మార్చడానికి వచ్చినప్పుడు చిన్న అద్దం ఇచ్చి రెండు అరికాళ్లూ చూసుకోమన్నాను. పగుళ్లు చూసి నిర్ఘాంతపోయి, నాగమ్మ వైపు తిరిగాడు. "ఇంత పగిలిండాదే, నువ్వన్నా చెప్పొద్దా?" అంటూ అద్దం ఆమెకు ఇవ్వబోయాడు. లాక్కుని మళ్లీ ఆయన చేతిలోనే పెట్టాను.

మాత్రలు పెళ్లాం చేతికిచ్చి పంపొచ్చు, రోగాన్ని ఆమె నెత్తిన పెట్టి పంపకూడదని అప్పుడు నేర్చుకున్నాను. ఇప్పుడు ఎమ్మిగనూరులో పనిచేస్తున్నాను. మొగవాడు తానే వచ్చి, తన కాలు తానే చూసుకుని, ఏముందో తన నోటితో చెప్పేదాకా వదలను. గయ్యాళి సిస్టరు అంటున్నారట. అననీ.